పిలిస్తేనే తెరుచుకునే సందు

రిటైరైన డ్రాయింగు మాస్టారికి పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో ఊరి పటం దిద్దడం అలవాటు. జనమంతా కలిసి గీస్తున్న పటం అది. ఎవరైనా ఎక్కించొచ్చు, ఎవరైనా చూడొచ్చు. మంచినీళ్ళ కుళాయిలు, మందుల షాపులు, చక్రాల కుర్చీ వెళ్ళే దారులు, ఊళ్ళో సగం ఆయన చేతిమీదుగానే పటానికెక్కాయి.

ఆయన చెల్లెలు అదే ఇంట్లో కింది గదిలో బట్టలు కుట్టేది. మొగుళ్ళ దెబ్బలకి తాళలేక వచ్చేసిన ఆడవాళ్ళు పై గదుల్లో ఉండేవారు. వాళ్ళక్కడ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయారంటే ఆ ఇల్లున్న సందు చలవే. సందులో ఉండేవాళ్ళెవరైనా "రా" అంటేనే అది తెరుచుకునేది. పిలుపు లేనివాడికి రొట్టెల కొట్టుకీ సైకిల్ షాపుకీ మధ్య ఒట్టి గోడే కనబడేది. కరెంటు మీటరు చూసే అతను గోడ ముందు నిలబడి ఫోను చేసేవాడు. ఎవరో ఒకరు "రావయ్యా" అనేవారు. అతని విసుగల్లా సిగ్నలు అందకపోవడం మీదే.

ఒకరోజు మాస్టారు తామున్న ఇంటి మీద గుర్తు పెట్టి, "ఆపదలో ఉన్న ఆడవాళ్ళకి ఆశ్రయం. రండి" అని రాశారు. భోజనాల దగ్గర మురిసిపోతూ చెల్లెలికి చూపించారు.

ఆవిడ కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఎవర్నడిగి రాశావన్నయ్యా?"

"అడగడానికేముందమ్మా? నలుగురికీ తెలియొద్దూ?"

"ఆ నలుగురిలో వీళ్ళ మొగుళ్ళూ ఉంటారు."

మాస్టారు ఎంగిలి చేత్తోనే చెరిపేశారు. కానీ ఆ పటాన్ని ఎందరో తమ ఫోన్లలోకి దించుకుంటారని ఆయనకి తెలియంది కాదు. అంతవరకూ అది గర్వంగా చెప్పుకునేవారు కూడా.

ఆ వారంలోనే ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకడు గుమ్మంలోకొచ్చి నమస్కారం పెట్టాడు. పై గదిలో ఉంటున్న నర్సుకి భర్తనన్నాడు.

"లోపలికెలా వచ్చావు బాబూ?" అన్నారు మాస్టారు.

"మీరే రమ్మన్నారుగా," అని అతను ఫోను చూపించాడు.

మాస్టారు మెట్లకి అడ్డంగా నిలబడ్డారు. అతను గొంతు పెంచకముందే నర్సు తనే దిగి వచ్చింది, మిగతావాళ్ళ తలుపుల దాకా అతన్ని రానివ్వకూడదని.

"తప్పుకోండి మాస్టారూ, మీకు దెబ్బ తగులుతుంది," అంది.

చెల్లెలు పోలీసులకి ఫోను చేసింది. వాళ్ళు తీరుబడిగా వచ్చి, మొగుడూ పెళ్ళాల గొడవన్నారు. అప్పటికే అతను నర్సుని తీసుకుని ఊరు దాటిపోయాడు. నర్సు ఫోను ఇక మోగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం మాస్టారు బజారు నుంచి వచ్చేసరికి ఇల్లు బోసిగా ఉంది. మిషను లేదు, పై గదుల్లో చాపలు లేవు. ఫోను చేశారు.

"ఎక్కడున్నావమ్మా?"

"మంచి చోటే, అన్నయ్యా."

"నేనూ వస్తాను."

"నీ మీద కోపం లేదు. తోడబుట్టినవాడివి. కానీ నిన్ను రమ్మంటే ఇంకెవరెవర్ని రమ్మన్నట్టవుతుందో నాకు తెలీదు."

మాస్టారు పటం జోలికి పోవడం మానేశారు. ఊరికే వీధులు పట్టి తిరిగేవారు. ఒక సాయంత్రం మందుల షాపు దాటగానే ఒట్టి గోడ అవతల కుట్టుమిషను చప్పుడు వినబడింది. బెల్టు జారి మళ్ళీ అందుకునే ఆ చప్పుడు ఆయన ఎక్కడున్నా పోల్చుకోగలరు. ఎవరో ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. గోడకి చెయ్యి ఆనించి ఫోను చేశారు. అవతలే మోగింది. మిషను ఆగింది.

"భోంచేశావా అన్నయ్యా?" అంది చెల్లెలు. మాట ఫోనులోంచీ వచ్చింది, గోడలోంచీ వచ్చింది.

"చేశానమ్మా."

"మందులేసుకున్నావా?"

"ఆఁ."

ఆయన ఇంకాస్త ఆగారు. ఆవిడా ఆగింది.

"సరే, ఉంటాను," అంది. మిషను మళ్ళీ మొదలైంది.