అక్క కథల పేజీలు

మా లైబ్రరీ వెబ్‌సైటును కొత్త సర్వర్‌కి మార్చినప్పటి నుంచి మా అక్క గొంతు మూగబోయింది. తప్పు నాదేనని రెండు నెలల దాకా నాకు తెలియలేదు.

అక్క ఈ లైబ్రరీలోనే పిల్లలకు కథలు చదివేది. నలభై ఒక్క కథలు రికార్డు చేసి సైటులో పెట్టింది. పోయి మూడేళ్లయింది. ఇంగ్లీషులో రాసే ఫైలు పేరులో ప్రతి మాటనూ పెద్దక్షరంతో మొదలుపెట్టేది. "మాటకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలిరా" అనేది.

పాత సర్వర్‌కి పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే. కొత్తది ఉత్త పేచీకోరు. ఒక్క అక్షరం తేడా వస్తే పేజీ లేదు పొమ్మంటుంది. ఫిర్యాదులు పడలేక, ఏ చిరునామా వచ్చినా చిన్నక్షరాల్లోకి మార్చి పంపేలా రీడైరెక్ట్ రాసి భుజాలు చరుచుకున్నాను. అక్క ఫైళ్లు మాత్రం పెద్దక్షరాలతోనే ఉండిపోయాయి. వాటిని అడిగినవాళ్లను నా రీడైరెక్టే లేని చోటికి పంపేసింది.

"ఈ కథల పేజీలు రెండు నెలలుగా ఎవరూ చూడలేదండీ, తీసేద్దాం" అంది మా మేనేజరు.

"తెరుచుకోకపోతే ఎలా చూస్తారు మేడం? పొరపాటు నాది. సరిచేస్తాను, ఒక్క వారం ఆగండి."

"సరే. ఒక్కరు విన్నా ఉంచుతాను."

ఆ మధ్యాహ్నమే అన్ని ఫైళ్ల పేర్లూ చిన్నక్షరాల్లోకి మార్చాను. ఏమనుకోకక్కా అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. తర్వాత అక్క రాసినట్టే పాత చిరునామా కొట్టాను. పేజీ తెరుచుకుంది.

రోజూ ఆఫీసులో కూర్చుని విన్నవాళ్ల లెక్క చూశాను. సున్నా. నేను వింటూనే ఉన్నాను గానీ, ఆఫీసు కంప్యూటర్లను లెక్కలోకి తీసుకోకూడదని నియమం పెట్టిన మహానుభావుణ్ని నేనే. అక్క ఇంకెవరికీ గుర్తులేదు. ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని మొదటి కథ తెరిచాను. "పిల్లలూ, అందరూ వచ్చారా?" అని అడిగి అక్క కాసేపు ఆగింది. ప్రతి కథకీ అలాగే ఆగుతుంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

"వచ్చానక్కా" అన్నాను. సాయంత్రం దాకా అన్నీ విన్నాను.

సోమవారం మేనేజరు లెక్క చూసి సంబరపడింది. "ఎవరో మొదటి కథ నుంచి చివరి కథ దాకా విన్నారండీ. ఉంచేద్దాం లెండి. ఎవరై ఉంటారంటారు?"

"పిల్లలున్న ఇల్లేదో అయ్యుంటుంది మేడం" అన్నాను.