మామగారి కారులో చల్లదనం ఎటు పోతోంది

ఆ వీధిలో అతన్ని అందరూ లీకుల డాక్టరు అంటారు. కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు అతనిది. పాత కారు ఏసీలో గ్యాస్ ఎక్కడినుంచి కారిపోతోందో పట్టుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. మిగతా షెడ్లవాళ్లు చేతులెత్తేసిన బండ్లు కూడా ఇతని దగ్గరికొచ్చి చల్లబడి వెళ్లేవి. అలాంటివాడి పరువు కాస్తా సొంత మామగారి కారు దగ్గర గుల్లయిపోయింది. మూడుసార్లు గ్యాస్ నింపాడు. మూడుసార్లూ నెలా నెలన్నర తిరక్కుండా ఖాళీ.

మామగారంటే మామూలు మామగారనుకునేరు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏ కొట్లో తక్కెడ ఎంత తప్పు తూగుతోందో అని ఉద్యోగమంతా అనుమానించి, రిటైరయ్యాక ఆ అనుమానాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక ఇంటికి తెచ్చుకున్నారు. తలుపుకి తాళం వేశాక లాగి చూస్తారు. వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తారు. అలా లాగి లాగి రెండు గడియలు ఊడబెరికారని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటారు. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకుంటారు.

ఆయనకు అల్లుళ్లు ఇద్దరు. పెద్దల్లుడు కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో మేనేజరు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, మెడలో కార్డు వేలాడేసుకుని, కారును ముట్టుకోకుండానే కారు గురించి గంటసేపు మాట్లాడగలడు. చిన్నల్లుడు మన డాక్టరు. పెళ్లి మాటలప్పుడు మామగారు "గ్యాస్ నింపుకునేవాడికా మన పిల్లని ఇచ్చేది" అన్నారని అతని చెవిన పడింది. ఆరేళ్లయినా ఆ మాట అరగలేదు. ఆయన కూడా ఆ ఆరేళ్లలో ఒక్కనాడు షెడ్డు గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. ఈ వేసవి మొదట్లోనే, ఏమనుకున్నారో ఏమో, తన పద్దెనిమిదేళ్ల కారుని తనంతట తానే తోలుకొచ్చి "చూడు" అన్నారు. ఆ ఒక్క ముక్కకే డాక్టరు పొంగిపోయి, ఆ రాత్రి భార్యకు పదిసార్లు చెప్పాడు.

ఆ పొంగంతా ఇప్పుడు చప్పబడిపోయింది. ఈ శనివారం లీకు దొరక్కపోతే సోమవారం కారు పెద్దల్లుడి సర్వీస్ సెంటరుకు వెళ్లిపోతుంది. పెద్దల్లుడే ఫోన్ చేసి ఆ సంగతి ఎంతో మర్యాదగా చెప్పాడు. పాత బండి కదా, పాపం నువ్వు మాత్రం ఏం చేస్తావులే అన్నాడు. తిడితే పోయేది. ఆ "పాపం" ఉంది చూశారూ, అది విన్నప్పటినుంచి డాక్టరుకి అన్నం సహించడంలేదు. కారు పోతే పోయింది, మామగారు మళ్లీ ఈ షెడ్డుకి రారు. అతని బాధంతా అదే.

శనివారం పొద్దున్నే మామగారు కారు తెచ్చారు. స్టూలు వేయించుకుని, కళ్లజోడు తుడుచుకుని, పరీక్ష హాల్లో కాపలా పంతులులా కూర్చున్నారు. డాక్టరు చొక్కా చేతులు పైకి మడిచి దిగాడు. పరీక్షకి సరిపడా కాస్త గ్యాస్ ఎక్కించి, అతుకు అతుకుకీ సబ్బునురగ రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. గ్యాస్ జాడ తగిలితే కూత పెట్టే మీటరు తీసుకుని పైపులన్నిటి వెంటా తిప్పాడు. అది కిక్కురుమనలేదు. పంపు పెట్టి లోపలున్నదంతా లాగేసి, గంటసేపు అలాగే ఉంచి చూశాడు. పంపుకున్న గేజి ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. ఎక్కడా చిల్లు లేదు, బిగువుగా ఉంది, గ్యాస్ మాత్రం ఉండటంలేదు. ఇదెక్కడి పీడ? ఏ దయ్యమైనా వచ్చి తాగిపోతోందా? డాక్టరుకి తల ప్రాణం తోకకొచ్చింది. వెనకనుంచి మామగారు మాటిమాటికీ గొంతు సవరించుకోవడం ఒకటి.

ఇక మిగిలింది రంగు. పోయినసారి గ్యాస్‌తోపాటు రంగు కలిపిన నూనె కూడా ఎక్కించి ఉంచాడు. మామూలు వెలుతురులో అది కంటికి ఆనదు. చీకట్లో నీలం టార్చి వేసి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, గ్యాస్ కారిన చోటల్లా పచ్చగా మెరుస్తుంది. షట్టరు పూర్తిగా దించేసి, కారు ముందునుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం వెతికాడు. కంప్రెసరు దగ్గర లేదు. పైపుల మీద లేదు. గ్యాస్ ఎక్కించే రెండు వాల్వుల దగ్గర మాత్రం పచ్చగా ఉంది. దాన్ని అతను లెక్కచేయలేదు. నింపే గొట్టం తగిలించి తీసిన ప్రతిసారీ అక్కడ ఒక చుక్క పడటం మామూలే, ఏ మెకానిక్కూ దాన్ని పట్టించుకోడు.

అంటే పంపుకి కూడా అందనంత సన్నని లీకు, డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కాయిల్లో ఉండాలి. డాష్‌బోర్డంతా ఊడదీయాలి. రెండ్రోజుల పని, పైగా పద్దెనిమిదేళ్ల ప్లాస్టిక్కు, పట్టుకుంటే పటుక్కున విరుగుతుంది. ఆ మాట మామగారికి ఎలా చెప్పాలా అనుకుంటూ, టార్చి ఆర్పకుండానే వెనక్కి తిరిగాడు.

మామగారి బొటనవేలు పచ్చగా మెరుస్తోంది.

డాక్టరు టార్చి పైకెత్తాడు. చొక్కా జేబు మెరుస్తోంది. జేబులో పెన్ను మొన మెరుస్తోంది. కళ్లజోడు కాడ మెరుస్తోంది. ముక్కు కొస అయితే దీపంలా వెలుగుతోంది. అదేమీ తెలియని ఆయన గంభీరంగా ఇంకోసారి గొంతు సవరించుకున్నారు.

"మావయ్యగారూ, ఆ పెన్నుతో ఏం చేస్తుంటారు?" అన్నాడు డాక్టరు మెల్లగా.

ఆయన దాచిందేమీ లేదు. రోజూ పొద్దున్న ఆరింటికి బానెట్ ఎత్తుతారట. ఆ రెండు వాల్వుల మూతలూ తీస్తారట. లోపల చిన్న పిన్ను ఉంటుంది కదా, దాన్ని పెన్నుతో నొక్కుతారట. బుస్సుమంటే గ్యాస్ ఉన్నట్టు. ఒకసారి నొక్కితే రూఢి కాదు కాబట్టి రెండోసారి కూడా నొక్కుతారట. వేసవి మొదలైనప్పటినుంచీ ఒక్కరోజు తప్పలేదట.

డాక్టరుకి ఆరేళ్ల మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఇదీ నా మీద ఈయనకున్న నమ్మకం. నేను నింపడం, ఈయన వదిలేయడం, మధ్యలో నేను చేతకానివాణ్ణి కావడం. "నా పని మీద అంత అనుమానమా మీకు?" అనేశాడు. అనకూడదనుకున్నాడు గానీ, నోరు జారింది.

మామగారు ఆశ్చర్యంగా చూశారు.

"నీ మీదెందుకయ్యా అనుమానం? రోజూ ఏడింటికి నీ తోడల్లుడు ఫోన్ చేస్తాడు. గ్యాస్ ఉందా, పోయిందా మావయ్యా అని నవ్వుతాడు. ఉంది, మా చిన్నల్లుడు నింపాడు అని నేను గట్టిగా చెప్పాలి కదా. చూడకుండా ఎలా చెప్పను? చూడకుండా దేనిమీదైనా ముద్ర వేశానా నా సర్వీసులో?"

డాక్టరుకి ఎక్కిన కోపమంతా దిగిపోయింది. ఏం లేదు మావయ్యగారూ, వాల్వు లోపల పిన్ను అరిగిపోయింది, అదే లీకు, మార్చేస్తే సరిపోతుంది అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి బొత్తిగా చేతకాదు. మొహం అటు తిప్పుకుని చెప్పాడు.

మామగారు చెయ్యి చాపి టార్చి తీసుకున్నారు. ఆ పసుపు కళ్లద్దాలు కూడా ఇమ్మన్నారు. తన బొటనవేలిని అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నారు. ఆ బుస్సుమన్నది ఏమిటని అడిగారు. గ్యాసే అని డాక్టరు ఒప్పుకోక తప్పలేదు. వాల్వుకి రెండు చొప్పున రోజుకి నాలుగు బుస్సులు, నలభై రోజులకి నూట అరవై. ఆయన పెదవులు లెక్కకు కదలడం చీకట్లో కూడా తెలుస్తోంది. ఆ మూడుసార్లూ కలుపుకున్నట్టున్నారు, కదలడం చాలాసేపు ఆగలేదు.

పిన్ను అరిగిందనే అందరికీ చెబుదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు డాక్టరు.

"తప్పుడు రిపోర్టు రాయకు" అన్నారు మామగారు. కళ్లద్దాలు తీయకుండానే జేబులోంచి ఫోన్ తీసి, పెద్దల్లుడి నంబరు నొక్కారు. ఇంట్లో గడియలు ఊడినప్పుడు కూడా తప్పు గడియలదే అన్న మనిషి ఏం చెబుతారో అని డాక్టరు బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు.

"లీకు దొరికింది. మా చిన్నల్లుడు పట్టుకున్నాడు. ఎక్కడా? నా బొటనవేలు. కాదు, సరిగానే విన్నావు. సోమవారం నా కారు నీ దగ్గరికి రాదు. నీ కారు ఎప్పుడైనా వేడెక్కితే నువ్వే ఇక్కడికి తీసుకురా."