వెనక్కి పిలిచిన నగారా

నేను ఒక నగారాను. గంగాళమంత రాగి బాన, దాని మూతికి బిగించిన దున్నపోతు తోలు, ఇదీ నా ఒళ్లు. ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టె వెనక కూర్చున్నాను. నా ముందు ఒక పలక మీద 'విజయభేరి' అని రాసి పెట్టారు. రాసినవాడు నా మోత ఎన్నడూ వినలేదు. విని ఉంటే ఆ మాట రాయడానికి వాడికి చెయ్యి వచ్చేది కాదు.

నన్ను పోత పోయించింది నల్లగుండు కోట దొర తిమ్మరాజుగారు. ఆయనకు ఇద్దరు భార్యలు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నరసరాజు, చిన్నవాడు గోపరాజు. నాకు తొలిపూజ చేసిన రోజున కొడుకులిద్దరి చేతా ఒకే కర్ర పట్టించి కొట్టించారు. అది చూసి తిమ్మరాజుగారి కళ్లు చెమర్చాయి. ఇలాంటి ముచ్చట ఒకటి చూస్తే చాలు, జన్మంతా ఇలాగే ఉంటుందని నమ్మేస్తారు మనుషులు. ఆ పూట తిన్న చక్కెర పొంగలి అరగకముందే అన్నదమ్ములు ఒక గుర్రం కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

నన్ను కొట్టేవాడు ఎల్లమంద. నా తోలు నానబెట్టి బిగించింది కూడా అతనే. చిన్నప్పుడెప్పుడో అతని కుడి మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని కుడిచేతి దెబ్బ ఎప్పుడూ రవ్వంత ఆలస్యంగా పడేది. కోటలో ఎవరైనా సరే, కళ్లు మూసుకుని విన్నా 'అదిగో ఎల్లమంద' అనేవాళ్లు.

సైన్యానికంతటికీ పెద్ద దళవాయి చెన్నప నాయుడు. గొప్ప సేనాని. వెటకారానికి అనడం లేదు. నాగలి తప్ప మరొకటి పట్టనివాళ్లను తెచ్చి సైన్యం చేసినవాడు. నా చేత వాళ్లకు మూడు మాటలు నేర్పించాడు. ముందుకు, నిలు, వెనక్కి. 'వెనక్కి' అంటే ఒక బరువైన దెబ్బ, దాని వెంట రెండు తేలిక దెబ్బలు. అది మోగగానే తిరగకుండా దిక్కులు చూసినవాడి వీపు మీద చింతబరికె విరిగేది. "బుర్రతో వింటే తల తెగుద్దిరా, కాళ్లతో వినండి" అనేవాడు. ఏడాది తిరిగేసరికి వాళ్లందరూ కాళ్లతో వినడం నేర్చుకున్నారు.

అందరికంటే బాగా నేర్చినవాడు ఎల్లమంద కొడుకు పోలయ్య. తల్లి లేని పిల్లవాడు. తండ్రి ఒళ్లో కూర్చుని నా మోత వింటూ పెరిగి, పెద్దయ్యాక ఈటె పట్టాడు. "'వెనక్కి' మోగితే నా కాళ్లు నా మాట కూడా వినవు నాయనా" అని నవ్వేవాడు. ఎల్లమందకు ఆ మాట ఎంత గర్వమో చెప్పలేను.

తిమ్మరాజుగారు పోయారు. చితి ఆరకముందే కొడుకులు కోట నాదంటే నాదన్నారు. సైన్యాన్ని ఎలా పంచుకున్నారో చెబితే నవ్వుతారు. వాగుకు ఇవతల డేరాలున్నవాళ్లు పెద్దవాడికి, అవతల ఉన్నవాళ్లు చిన్నవాడికి. పోలయ్య ఆ వారం అవతలి గట్టు కాపలాకు వెళ్లాడు. తండ్రికి అంబలి పెట్టి, సంతకు పోయినంత తేలికగా వెళ్లినవాడు చిన్నదొర మనిషైపోయాడు. నేనూ, ఎల్లమందా, దళవాయీ పెద్దవాడి వాటాకు వచ్చాం.

రెండేళ్లు కొట్టుకున్నారు. కోసే చేతులు లేక జొన్న చేలలోనే రాలిపోయింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఎలా గెలుస్తారు? ఇద్దరికీ ఒకే గురువు. ఇటు అడుగు కదిపితే అది ఎక్కడ పడుతుందో అటువాళ్లకు తెలుసు. పోరు ముగిసిన ప్రతిసారీ ఎల్లమంద శవాల మధ్య తిరిగేవాడు. బోర్లా పడ్డవాళ్లను తిప్పి ముఖాలు చూసేవాడు. వాటిలో పోలయ్య లేడని తేలాక వచ్చి, నా తోలుకు ఆముదం రాస్తూ కూర్చునేవాడు.

అప్పుడు రాళ్లవాగు పోరు వచ్చింది. గోపరాజు మనుషులు వాగు దాటి ఇవతలికి వచ్చేశారు. మా వరసలు వంగిపోతున్నాయి. నరసరాజుగారి ఏనుగు అప్పటికే కోట వైపు చూస్తోంది. దళవాయి గుర్రం దిగి నా దగ్గరకు వచ్చాడు.

"ఎల్లమందా, 'వెనక్కి' కొట్టు."

"మనోళ్లు వెనక్కొస్తే కోట పోద్ది దొరా."

"మనోళ్లకి కదలొద్దని ముందే చెప్పా. తిరిగేది వాళ్లు. ఆ కాళ్లకి చదువు చెప్పింది నేను కాదంట్రా?"

ఎల్లమంద కర్రలు కిందికి దించాడు. "అటు నా బిడ్డ ఉన్నాడు దొరా."

"ఉన్నాడనే చెబుతున్నా. తిరిగి వాగు దాటి పోతాడు, బతుకుతాడు. కొట్టకపోతే నేరుగా మన ఈటెల మీదికొస్తాడు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"బతుకుతాడా దొరా?"

"మాటిస్తున్నా."

ఎల్లమంద కొట్టాడు. అంత ప్రేమగా నన్ను ఎవరూ ఎన్నడూ కొట్టలేదు. ఎదుటి వరస తడబడి ఒక్క క్షణం ఆగింది. ఒకడు తిరిగాడు. వాడి పక్కవాళ్లు తిరిగారు. తర్వాత వరస మొత్తం తిరిగింది. దళవాయి చెయ్యి ఎత్తాడు. తాటితోపు చాటున దాచి ఉంచిన గుర్రపు దండు బయటికి దూకింది. వీపు చూపిన మనిషిని నరకడానికి పెద్ద బలం అక్కర్లేదు, కూర పాదులో కాయలు కోసినట్టు కోసుకుంటూ పోయారు. ఎల్లమంద కెవ్వుమని అరిచి, 'నిలు' కొట్టబోయాడు. దళవాయి అతని మణికట్టు పట్టుకున్నాడు. అంతా అయిపోయేదాకా వదల్లేదు.

రెండేళ్ల యుద్ధం ఆ ఒక్క పూటతో ముగిసింది. నరసరాజుగారు తమ్ముడి కళ్లు తీయించి, అతని తిండికి ఒక ఊరు రాసిచ్చారు. ఎంత దయగల దొర అని అందరూ చెప్పుకున్నారు. ఆ సాయంత్రమే దళవాయి నిండు సభలో ఎల్లమంద వంకర చేతికి బంగారు కడియం తొడిగాడు.

ఆ రాత్రి పోలయ్య వాగు ఒడ్డున బోర్లా దొరికాడు. పక్కనే కాలు తెగి పడి ఉన్న ఈటెగాడు ఒకడు ఎల్లమందను గుర్తుపట్టాడు.

"మేం ఆగాం మామా. అటునించి మోగింది, మోసమేమో అనుకున్నాం. మీ వాడే అరిచాడు. 'అది మా నాయన చెయ్యిరా, మా నాయన అబద్ధం కొట్టడు, తిరగండి' అన్నాడు. ముందు తిరిగింది కూడా వాడే."

ఎల్లమంద కడియం తీసి కొడుకు చేతికి తొడిగి పూడ్చిపెట్టాడు. తెల్లారేసరికి ఎవరో గుంట తవ్వి దాన్ని పట్టుకుపోయారు. చెయ్యి వాచి ఉండడంతో మణికట్టు కూడా నరకాల్సి వచ్చింది కాబోలు. ఎల్లమంద మళ్లీ మట్టి కప్పి, కోటకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత నా తోలుకు ఆముదం రాయడం మానేశాడు. కొట్టమన్నప్పుడు మాత్రం కొట్టేవాడు.

సగం సైన్యాన్ని ఇంట్లోవాళ్లే చంపుకున్నారని తెలిశాక బయటివాళ్లు ఊరుకుంటారా? మరుసటి ఏడు పడమటి నుంచి నవాబు దండు వచ్చింది. రాళ్లవాగులో మిగిలిన రెండు పక్షాలవాళ్లనూ ఒకే వరసలో నిలబెట్టాడు దళవాయి. శత్రువు బలం చూసి, కోటలోకి తప్పుకుంటే తప్ప ఒక్కడూ దక్కడని కనిపెట్టాడు. మంచి ఆలోచనే. 'వెనక్కి' కొట్టమన్నాడు. ఈసారి నిజంగానే.

నేను మోగాను. ఒక్క కాలు కదల్లేదు.

"ఎల్లమంద తాత మళ్లీ మొదలెట్టాడ్రోయ్! వెనక్కి తిరిగారంటే చచ్చారే!" అని వరసలోంచి ఎవడో అరిచాడు. కొందరు నవ్వారు కూడా. దళవాయి గుర్రాన్ని వాళ్ల ముందుకు దౌడు తీయించి, గొంతు చించుకున్నాడు, చింతబరికె ఝళిపించాడు, చివరికి బతిమాలాడు. ఆయన ముఖంలోకి కూడా ఎవరూ చూడలేదు. వాళ్లతో పాటే అక్కడే పడిపోయాడు. కదలకుండా చచ్చారు గనుక వాళ్లందరినీ మహావీరులని తర్వాత కీర్తించారు.

తిరిగి రావడానికి మనిషన్నవాడు మిగల్లేదు. అయినా ఎల్లమంద కొడుతూనే ఉన్నాడు. "వచ్చెయ్ అయ్యా, వెనక్కి వచ్చెయ్" అంటూ కొడుతున్నాడు. ఆ మోతకు విసుగెత్తి నవాబు సిపాయి ఒకడు వచ్చాడు. ముందు నా తోలు చీల్చాడు, తర్వాత అతన్ని.

ఆ చీలిక ఇప్పటికీ ఉంది. బడిపిల్లలు వచ్చినప్పుడు గైడు కర్రతో దాన్ని చూపించి, "ఈ నగారా మోగిందంటే చాలు, శత్రువులు వెనక్కి తిరిగి పారిపోయేవాళ్లంట!" అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఆ మాట నిజమే. అందరికంటే ముందు తిరిగినవాడి పేరు పోలయ్య. వాళ్ల నాయన పిలిచాడనుకున్నాడు.