రెండు లింకులు

రాత్రంతా అక్క చేతికి ఉన్న రబ్బరు పట్టీ చెమటకి జిడ్డుదేరింది. లింకులమ్మ దాన్ని మెల్లగా విప్పి, స్మార్ట్ వాచ్‌ని అరచేతిలో బోర్లించి, వెనకనున్న బొడిపె నొక్కి, పట్టీని గాడిలోంచి పక్కకి లాగేసింది. ఒక ముక్క వచ్చింది, తరవాత రెండోది. పడుకునే ముందు రబ్బరు, లేచాక స్టీలు. పదకొండు నెలలుగా ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు జరిగే పని ఇదే.

"దురద పెట్టి చంపిందే, రాత్రంతా," అంది అక్క. మంచం అంచున కూర్చుని, చెయ్యి తనది కానట్టు చాచి ఉంచింది.

"ఉండు, తుడుస్తాను."

తడిగుడ్డతో తుడిచింది. పట్టీ ఉన్నచోట చర్మం పాలిపోయి ఉంది. మణికట్టు ఎముక గోళీకాయలా పైకి తేలింది. లింకులమ్మ చూసీ చూడనట్టు తుడిచేసింది.

అది డాక్టరు పెట్టుకోమన్న వాచీ. గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టి దాచుకుంటుంది, నెలకోసారి ఆయన చూస్తాడు. చర్మానికి ఆనుకుని ఉంటేనే నాడి అందుతుంది. రబ్బరు పట్టీ చూడగానే అక్క మూతి ముడిచింది. "మూటకి తాడు కట్టినట్టుంది. దీంతో నలుగురూ చూసే కిటికీ దగ్గరెలా కూర్చోనే?" అంది. అందుకని అక్క పాత కీ వాచీకున్న స్టీలు గొలుసు తీసి, రెండు చివర్లా చిన్న ముక్కలు అరగదీసి అతికించి, కొత్త వాచీ గాడిలో పట్టేలా లింకులమ్మే చేసింది. ఆ గొలుసు అక్క మొదటి ఉద్యోగం నాటిది. అమ్మ పోయాక, పదేళ్ళ చెల్లెలు ఒక్కతే తలుపు గడియ పెట్టుకుని ఎదురుచూసేటప్పుడు, మెట్ల కమ్మీకి ఆ గొలుసు తగిలిన చప్పుడు వినపడితే అక్క వచ్చేసినట్టు.

ఇవాళ గొలుసు కోసం చెయ్యి చాపితే అక్క ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది.

"ఇది కొట్టుకి పట్టుకెళ్ళు."

"మొన్ననేగా మెరుగు పెట్టి తెచ్చాను."

"మెరుక్కి కాదు. ఈసారి రెండు తియ్యి."

లింకులమ్మ గుడ్డ పక్కన పెట్టింది. మెరుగు పెట్టిస్తానని నాలుగుసార్లు తీసుకెళ్ళింది ఆ గొలుసుని. నాలుగుసార్లూ ఒక్కో లింకు తీసేసి, ఏమీ ఎరగనట్టు తెచ్చి తొడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటిదాన్నుంచే. మొత్తం పంతొమ్మిది లింకులు. అవతల లైను కలిసేదాకా వాటినే లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని."

అక్క ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఎన్ని ఇళ్ళ గుట్లో విని, ఒక్కటీ గడప దాటించని మనిషి. ఆమె ముందు చెల్లెలి దొంగతనం ఏపాటిది.

"మరి అడగలేదేం?"

"అంత కష్టపడి దాస్తున్నావు కదా, పాపం అనుకున్నాను. వెళ్ళు, ఆలస్యమవుతుంది. అందాకా ఆ రబ్బరే పెట్టు, ఒక్కపూటకి చచ్చిపోనులే."

గడియారాల కొట్టులో మెట్ల కింద, నిలబడితే తల తగిలేంత చోటులో ఆమె బల్ల. ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్కడ కూర్చుని చేసేది ఒకటే పని. గొలుసుల్లో లింకులు తీయడం, పెట్టడం. వాచీలు బాగుచేసేవాళ్ళు పైనుంటారు. వాళ్ళకి ఫ్యానుంది, ఈమెకి దీపముంది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎవరి నోటా లేదు. "మా లింకులమ్మ చెయ్యి పట్టుకోని మగాడు ఈ ఊళ్ళో లేడండి," అంటాడు యజమాని, కొత్తగా వచ్చినవాళ్ళతో. పెళ్ళి చేసుకోని మనిషి మీద ఆ జోకు ఇంకాస్త పేలుతుందని ఆయన నమ్మకం. మొదట్లో ముఖం తిప్పుకునేది. తరవాత నవ్వడం అలవాటైంది. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు మరి.

చెయ్యి పట్టుకుంటే ఆమెకి చాలా తెలిసిపోతుంది. కొత్త గొలుసుతో వచ్చేవాళ్ళు నవ్వుతూ చెయ్యి చాపుతారు. పాత గొలుసు పట్టుకుని, వదులైందండీ అంటూ వచ్చేవాళ్ళు అంతగా నవ్వరు. ఎందుకు వదులైందని ఆమె ఎవర్నీ అడగదు. బిగుతుగా ఉందా, ఒక వేలు పడుతోందా అని మాత్రం అడుగుతుంది.

కొట్టులో సందడి లేని వేళ చూసి అక్క గొలుసు బయటికి తీసింది. లోపలివైపు బాణం గుర్తు చూసుకుని, సన్నటి మొనతో పిన్నుని అటే నెట్టింది. పిన్ను సగం బయటికొచ్చాక పట్టకారుతో లాగింది. ఒక లింకు ఊడింది. రెండోది మొరాయించింది. పైనుంచి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వదిలింది. మిగిలిన గొలుసు అరచేతిలో పెట్టుకుంటే చిన్నపిల్లల దానిలా ఉంది.

అప్పుడే ఒక లారీ డ్రైవరు వంగి మెట్ల కిందకి తొంగిచూశాడు. వాచీ విప్పి బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి ఒక కాగితం మడత తీశాడు. అందులో మూడు లింకులు.

"ఇవి మళ్ళీ పెట్టాలమ్మా. ఒరుసుకుపోతోంది."

ఆమె అతని చెయ్యి పట్టుకుని దీపం కిందకి లాగింది. మణికట్టు పక్కన పాత కాలిన మచ్చ. పోయినేడు భార్య భుజం మీద చెయ్యేసి వచ్చాడు, అప్పుడా మచ్చ ఎముక మీద ముడతలు పడి ఉంది. ఇప్పుడు సాగి, నున్నగా, నిండుగా ఉంది.

"నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు.

"చేతిని గుర్తుపట్టాను. బతికి బయటపడ్డారన్నమాట."

"మా ఆవిడ తినిపించి తినిపించి ఇలా చేసిందండి. ఇప్పుడేమో లావయ్యావని సాధిస్తోంది."

మామూలుగా ముగ్గురికి లింకులు తీసేంతసేపు తీసుకుని ఆ మూడూ పెట్టింది. తొందరపడబుద్ధి కాలేదు. తీసిన లింకులు తిరిగి పెట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఇన్నేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అతను వెళ్ళాక అక్క గొలుసు అందుకుని, తీసిన రెంటిలో ఒకటి మళ్ళీ ఎక్కించేసింది. చెయ్యి నిండటానికి కాస్త చోటుండాలి కదా అనుకుంది. అక్క లెక్కపెట్టి తిడితే తిట్టనీ.

మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే కొట్టు ఫోను మోగింది. యజమాని రిసీవరు పట్టుకుని, "నీకే," అన్నాడు.

"అమ్మాయ్," అంది కింది వాటావిడ. "నువ్వొకసారి ఇంటికి రా."

"అక్కకి బాలేదా?"

"నువ్వు రామ్మా."

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

తలుపు తీసే ఉంది. లోపల, గుమ్మం పక్క కుర్చీలో అక్క గోడకి తల ఆన్చి ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. పెట్టె అడుగునుండే మంచి బట్టలు కట్టుకుంది. ముఖంలో నొప్పి లేదు, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టుంది.

"వీధి చివరి డాక్టర్ని పిలిచాను. చూసి వెళ్ళిపోయాడు," అంది కింది వాటావిడ. "నువ్వొచ్చేదాకా కదిలించొద్దన్నాను."

"ఎక్కడికి బయల్దేరింది?"

"మీ కొట్టుకే. ఆటో పిలవమని కిటికీలోంచి కేకేసింది. ఇన్నేళ్ళనుంచి చెల్లెలు రమ్మంటోంది, రాత్రి డ్యూటీలంటూ నేనొక్కసారీ పోలేదు, ఇవాళ వెళ్ళి చెయ్యి చాపి ఆశ్చర్యపరుస్తా అంది. నేను ఆటోతో వచ్చేసరికి..." ఆవిడ కొంగుతో నోరు నొక్కుకుంది.

లింకులమ్మ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. అక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, రబ్బరు పట్టీ విప్పి, బొడిపె నొక్కి పక్కకి లాగింది. సంచిలోంచి గొలుసు తీసి రెండు చివరలూ గాడిలోకి తోసింది. టిక్కుమని పట్టుకుంది. చేతికి తొడిగి కొక్కెం వేసి, వదిలింది. గొలుసు జారి, అరచేతి మొదట్లో ఆగింది. ఒక లింకు ఎక్కువైంది.

"నువ్వు చెప్పిందే సరిపోయేదక్కా," అంది.

తల వంచింది. అక్క కుడికాలికి ఎన్నడూ తొడగని కొత్త చెప్పు, దాని బకిలు బిగించి ఉంది. ఎడమకాలి చెప్పు ఇంకా నేల మీదే ఉంది, బకిలు విప్పి, గుమ్మం వైపు తిరిగి.