భీమిలిలో మూటల కాపలా

రాయగడ టోకు కొట్టు కమలాంబ ఇంట్లో ఒకటే చట్టం: ఏదైనా ముందు పెద్దకోడలికి. పాలమీద మీగడైనా సరే, పండక్కి చీరైనా సరే. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఆవిడ పెద్దకొడుకు రామలింగాన్నీ, కోడళ్ళిద్దర్నీ వెంటేసుకుని భీమిలి సముద్రస్నానానికి బయల్దేరింది. చిన్నకొడుకు కొట్టుకి కాపలా. ఒడ్డుకి చేరాక వాడి పెళ్ళాం నారాయణమ్మ మూటలకి కాపలా.

"ఒలే అమ్మీ, నువ్విక్కడ కూకో. పెద్దదానికి లైటుహవుసు సూపించి వస్తాం. తర్వాత తానాలు."

"మరి నానెప్పుడు సూస్తానత్తా?"

"మళ్ళీ ఏడు సూద్దువుగాని. అదెక్కడికి పోతాది?"

పెద్దకోడలు సూర్యావతి కిసుక్కున నవ్వింది. నారాయణమ్మకి ఒళ్ళు మండిపోయింది. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ నవ్వే. ఇప్పుడు సముద్రం కూడా ముందు ఆవిడకేనా? ఏం, సముద్రం ఆవిడ పుట్టింటి సారె?

ముగ్గురూ ఇసుక దిబ్బ దాటారో లేదో నారాయణమ్మ లేచింది. ఆవిడెరిగిన నీళ్ళు నాగావళి నీళ్ళు. కొండల్లో వాన కురిస్తేనే ఏరు పొంగుతుంది. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఇంకేం భయం? మూటలన్నీ నీటి పక్క రాతిమీద పెట్టి, కొంగు బిగించి వాళ్ళ వెనకే పరుగెత్తింది.

లైట్‌హౌసు మెట్లు గిర్రున చుట్టుకుంటూ పోతున్నాయి. సగంలో సూర్యావతి గోడ పట్టుకుని కూలబడింది. కళ్ళు తిరుగుతున్నాయట. అత్త కొంగుతో విసురుతోంది, మొగుడు చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వొచ్చేవేటే? మూటలో?"

"బద్రంగా ఉన్నాయత్తా!" అంటూనే వాళ్ళని ఒరుసుకుని పైకెక్కేసింది.

పైన ఒకటే గాలి. కింద నల్లరాళ్ళకి కొట్టుకుని అలలు పగులుతున్నాయి. అటుపక్క ఎర్రటి దిబ్బలు. కడుపు నిండిపోయింది. అప్పుడు రాయి కోసం చూసింది. రాయి లేదు. పోటొచ్చి మింగేసింది. మూటలు తేలిపోతున్నాయి, సూర్యావతి పట్టుచీర మూట అన్నిటికంటే ముందు.

ఒక్క కేక వేస్తే రామలింగం పరుగెత్తి పట్టుకొచ్చేవాడే. నారాయణమ్మ వెయ్యలేదు. పిట్టగోడ పట్టుకుని ఇంకో చుట్టు తిరిగి చూసింది.

మార్చుకోను గుడ్డ లేక ఆ పూట ఎవరికీ స్నానం లేదు. రైల్లో కమలాంబ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. పార్వతీపురం దాటాక అత్త కునికింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిన సూర్యావతి మెల్లగా పక్కకి జరిగింది.

"సెల్లీ, పైనుంచి ఏటి కనిపించిందే?"

"సెప్పను."

"కొంచెం సెప్పవే."

"సెప్పను. అది నాది," అంది నారాయణమ్మ.