చంటిది పడుకున్న మ్యాట్

చంటిది నిద్రపోవాలంటే ఒళ్ళు వెచ్చగా ఉండాలి. కాస్త చలి తగిలిందా, ఇల్లు పీకి పందిరి వేస్తుంది. అందుకే ల్యాబ్‌లోకి రాగానే అక్క ముందు వేసేది కంప్యూటర్ కాదు, గోడవారనున్న హీటరు. దాని పక్కన తను తయారుచేస్తున్న మ్యాట్ పరిచి, పిల్లని పడుకోబెట్టి, శాలువా కప్పి, కళ్ళు మూతపడేదాకా జోకొడుతూ కూర్చుంటుంది. నిద్ర పట్టాక ఊపిరి బిగబట్టి దాన్ని ఎత్తి పిల్లల తోపుడు బండిలోకి మార్చి, కింద ఉన్న మ్యాట్‌ని తీసుకెళ్ళి యంత్రం కింద పెడుతుంది. ఆమె చదువు అప్పుడు మొదలవుతుంది.

అక్క అంటే మిడతకి అక్క. మిడత అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. నడక వచ్చిన నాటి నుంచీ మంచం మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి కిటికీ మీదికి గెంతడమే దానికి పని. గెంతి గెంతి జిమ్నాస్ట్ అయింది. అమ్మా నాన్నా పోయాక దాన్ని సాకింది అక్కే.

అక్క యూనివర్సిటీలో స్పోర్ట్స్ ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు వ్యాన్ నడిపే భర్త కడుపుబ్బ నవ్వాడు. "ఆటలకి ఇంజనీరింగేమిటి? క్యారమ్ బోర్డుకి బ్రేకులు బిగిస్తారా?" అన్నాడు. కానీ ఒక పోటీలో గట్టి మ్యాట్ మీద దిగి మిడత చీలమండ కలుక్కుమన్నప్పుడు, ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, "అయితే బ్రేకులు కాలికి కావాలన్నమాట" అన్నది కూడా ఆయనే. ఎంత ఎత్తునుంచి దిగినా మడమకి దెబ్బ తెలియని మ్యాట్ చెయ్యాలని అక్క ఆ రోజే తేల్చుకుంది. అదే ఆఖరి ఏడాది ప్రాజెక్టు.

అంతలో చంటిది పుట్టింది. చదువు బావిలోకి దిగుతున్నవాడి తాడులా సగంలో తెగింది. మళ్ళీ చేరినప్పుడు ప్రాజెక్టు చూసే సార్ ముందే చెప్పారు. "ఈ టర్మ్‌తో సరి. పూర్తి కాకపోతే నీ పేరు కొట్టేస్తారమ్మా. ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదు."

పిల్లని చూసేవాళ్ళు లేక, వెంట తెచ్చుకుంటానంటే ఆయన కాదనలేదు. "యంత్రం దగ్గరికి మాత్రం పాకనివ్వకు" అన్నారు.

ఆ యంత్రం చేసే పని ఒక్కటే. మడమ ఆకారంలో ఉన్న ఇనప దిమ్మని పైనుంచి మ్యాట్ మీదికి వదులుతుంది. దెబ్బ ఎంత గట్టిదో తెర మీద గీత గీస్తుంది. గీత కొండలా నిక్కితే కాలు విరిగినట్టు, గుట్టలా ఒదిగితే బతికినట్టు. అక్క మ్యాట్ మీద ఆ గీత గుట్టలా కూడా రాలేదు, బోర్లా పడుకున్న పిల్ల వీపులా వచ్చింది. చప్పుడైనా ఉండేది కాదు. అలిసిపోయినవాళ్ళు కూలబడుతూ నిట్టూర్చినట్టు ఉఫ్‌మనేది, అంతే. పక్క బండిలో పిల్ల కదిలేది కాదు. అక్కకి తెర మీద గీతకంటే ఆ నిద్ర మీదే ఎక్కువ నమ్మకం.

పరీక్షకి ముందు గదిలో వేడి ఎంతో చూసి రాసుకోవాలని ల్యాబ్ పద్ధతి. అక్క తప్పేది కాదు. లోపలికి రాగానే తలుపు పక్కనున్న థర్మామీటరు చూసి రాసేది. ఆ తర్వాతే హీటరు వేసేది.

ప్రాజెక్టు చూపించాల్సింది మిడత సాధన చేసే హాలులో. ముందురోజే భర్త మ్యాట్‌ని వ్యాన్‌లో తెచ్చి అక్కడ దింపాడు. రేకుల కప్పు, గాలి దూరే షట్టర్లు. పొద్దున్న అందరూ చేరేసరికి మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"బావా, చంటిదాన్ని వ్యాన్‌లోనే ఉంచు. ఇక్కడికి తెచ్చావంటే పుల్ల ఐసైపోతుంది" అని మిడత కాళ్ళు విదిలించుకుంటూ అరిచింది.

"నీ కాలు జాగ్రత్త తల్లీ. నువ్వు విరిగితే మీ అక్క నన్ను విరుస్తుంది."

"ఆ మ్యాట్ ఉండగా నాకేం! పుట్టింటి పరుపు."

సార్ పక్కన పరీక్ష చెయ్యడానికి వచ్చిన ఇంకో మాస్టారు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. మిడత మొదట పొట్టి బల్ల మీంచి దిగాలి, తర్వాత తలెత్తి చూడాల్సినంత ఎత్తున్న దిమ్మె మీంచి. అక్క తల ఊపింది. మిడత పొట్టి బల్ల ఎక్కి తేలిగ్గా దూకింది.

ధప్‌మంది.

అక్కకి తెలిసిన చప్పుడు కాదది. ఎవరో తలుపు బాదినట్టుంది. మిడత చేతులు చాచి నవ్వుతూ నిలబడింది గానీ ఎడమ మడమ నేలకి ఆనడం లేదు. మాస్టార్లకి కనబడేది ఆ నవ్వే. చిన్నప్పుడు గాజుపెంకు గుచ్చుకున్నప్పుడూ అది ఇలాగే నవ్వి దాచిందని అక్కకి తెలుసు.

మ్యాట్ సర్దుతున్నట్టు వంగి బొటనవేలితో నొక్కింది. ల్యాబ్‌లో నొక్కితే వేలు దిగబడేది, గుంట నెమ్మదిగా పూడేది. ఇప్పుడు వేలు దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడింది గానీ మ్యాట్ లొంగలేదు.

చలికి బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ తను పరీక్షించింది మ్యాట్‌ని కాదు, హీటరు పక్కన పిల్ల ఒంటి వేడికి మెత్తబడ్డ మ్యాట్‌ని. అంత మెత్తదనం దానిది కాదు, అరువు తెచ్చుకున్నది.

"మిడతా, ఇక దూకకు" అంది గొంతు తగ్గించి.

"ఏం?"

"రాయిలా ఉంది. నీకు తెలీడం లేదా?"

"తెలుసు. నోరు మూసుకో, సార్ చూస్తున్నారు." మిడత నవ్వు చెదరలేదు. "ఒక్క దూకే కదా. పంటి బిగువున దిగేస్తాను. నువ్వు పాసైపో."

"కాలు పోతుందే!"

"నా కాలు, నా ఇష్టం. నువ్వు పిల్లని చంకనేసుకుని వానలో చలిలో తిరిగింది నేను చూళ్ళేదా?" అంటూనే మిడత వెళ్ళి దిమ్మె మెట్లు పట్టుకుంది. ఎక్కేటప్పుడు ఎడమకాలి మీద బరువు వెయ్యడం లేదు.

నోరు విప్పకపోతే చదువు దక్కుతుంది. విప్పితే చెల్లెలి కాలు దక్కుతుంది. ఒక్క క్షణం, అవును, ఒక్క క్షణం అక్క కదల్లేదు. మిడత పైన నిలబడి మోకాళ్ళు వంచింది.

అక్క వెళ్ళి మ్యాట్ నడిమధ్య నిలబడింది.

"తప్పుకో!" మిడత పైనుంచి అరిచింది. "నీకు పిచ్చా?"

"దూకాలనుకుంటే నా మీద దూకు."

సార్ దగ్గరికొచ్చి ఏమైందమ్మా అని అడిగారు. అక్క హీటరు సంగతి, పిల్ల సంగతి, హీటరు వెయ్యకముందే చూసిన థర్మామీటరు సంగతి చెప్పింది. సార్ వంగి తన బొటనవేలితో నొక్కి చూశారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"మంచి పని చేశావు" అన్నారు చివరికి, తలెత్తకుండా. "కానీ పరీక్షలన్నీ చల్లటి గదిలో మళ్ళీ చెయ్యాలి. టర్మ్ అయిపోయింది కదమ్మా."

"ఇంకొంచెం గడువు..."

ఆయన లేచి చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అదే జవాబు. రెండో మాస్టారు కోటు గుండీలు పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో మిడత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఒక్క దూకు... నేను అడిగానా నన్ను కాపాడమని?" అంది ఒకసారి, అద్దంతో చెబుతున్నట్టు. అక్క ఒళ్ళో చంటిది ఆమె మెడలో కండువా నములుతోంది.

"ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ చేరొచ్చులే" అన్నాడు భర్త. పొయ్యి మార్చడానికి, కిటికీ రెక్క బాగుచెయ్యడానికి కూడా ఆయన అనే మాట అదే. పొయ్యి పాతదే. కిటికీకి అట్టముక్కే.

ఇంటికొచ్చాక మ్యాట్ ఎక్కడ పెట్టాలో తెలియక ముందుగదిలో హీటరు ముందు పరిచారు. చంటిది పాక్కుంటూ పోయి, ఎవరూ జోకొట్టకుండానే, తన చోటు తనకి తెలిసినట్టు దాని మీద బోర్లాపడి నిద్రపోయింది.

మిడత కుంటుతూ వచ్చి పిల్ల పక్కన కూలబడింది. చీలమండ బన్నులా పొంగింది. అక్క వంటింట్లోంచి ఐసు మూటగట్టి తెచ్చి, కాలు ఒళ్ళోకి తీసుకుంది. మిడత లాక్కోలేదు. కాసేపటికి చెయ్యి చాపి మ్యాట్‌ని బొటనవేలితో నొక్కింది. వేలు సుతారంగా లోపలికి దిగింది.

"ఇప్పుడెంత మెత్తగా ఉందో చూడు, దొంగముండ" అంది.

ఇద్దరూ ఆ గుంట వైపే చూస్తూ కూర్చున్నారు. అది నెమ్మదిగా పూడిపోయింది. మిడత మళ్ళీ నొక్కింది.