విప్పొద్దన్న ఇంజన్

రుఫీనో జనాన్ని ఎక్కించుకుని తోలే జీపు, ఆ జీప్నీ ఇంజన్, మెల్చోర్ షెడ్డులో చైన్‌కి వేలాడుతూ తొమ్మిది రోజులైంది. దాన్ని విప్పి బాగుచెయ్యాలా, పారేసి వేరేది పెట్టాలా అన్న దగ్గర బావా బావమరుదులు ఇప్పటికి రెండుసార్లు చొక్కాలు పట్టుకున్నారు. ఇంకే ఇంజన్ అయినా ఇది పావుగంటలో తేలిపోయే మాట. కానీ ఈ ఇంజన్ మెల్చోర్ తమ్ముడు కాడ్యో ప్రాణం తీసింది.

ఆ రోజు బండి నిండా జనంతో కొండ ఎక్కుతూ ఎక్కుతూ, మధ్యలో ఇంజన్ బిగుసుకుపోయింది. ఇంజన్ ఆగితే ఆ బండికి బ్రేకు పెడలు కాలికి లొంగదు. జీపు వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక మెట్టు మీద వేలాడుతున్న కండక్టరు కాడ్యో, కొండదారి కండక్టర్లందరూ చేసే పనే చేశాడు. చెక్కమొద్దు లాక్కుని కిందికి దూకి చక్రం వెనక పెట్టాడు. వాన తడికి మొద్దు జారింది. చక్రం మొదట అతని చేతి మీదికీ, తర్వాత ఛాతీ మీదికీ ఎక్కి అక్కడ ఆగింది. బండిలో ఉన్న పంతొమ్మిది మందికీ చిన్న గీతైనా పడలేదు. అందరూ శవాన్ని చూడటానికి వచ్చారు, అల్లం బిస్కెట్లు తిని, కాఫీ తాగి, మంచివాడు పాపం అని వెళ్లిపోయారు. మెల్చోర్‌కి వాళ్ల మీద కూడా ఒళ్లు మండింది.

అతనికి తెలియాల్సింది ఒక్కటే: ఆ రోజు ఇంజన్‌లో ఆయిల్ ఉందా, లేదా. నాలుగు నెలల కిందట ఆ ఇంజన్‌ని పూర్తిగా విప్పి బిగించింది తనే. తన పనిలో లోపం లేదని ఎవరి మీదైనా ఒట్టు పెట్టగలడు. ఇక మిగిలింది అక్క మొగుడు రుఫీనో. కొబ్బరి సారా అంటే అతనికి ఎంత ప్రాణమో, పొద్దున్నే ఆయిల్ పుల్ల లాగి చూడటమంటే అంత బద్ధకం. విప్పితే లోపలి ఇనుమే నిజం చెబుతుంది. పారేస్తే ఆ నిజం ఏ కొలిమిలోనో కరిగిపోతుంది. అందుకే శవపేటిక పక్కనే కాడ్యో భార్య పెలాగియాకి మాటిచ్చాడు.

"విప్పి చూస్తానమ్మా. తప్పు ఎవడిదైతే వాణ్ణి తెచ్చి నీ ముందు నిలబెడతా. నువ్వేం చేసినా అడ్డు రాను."

పెలాగియా ఏడవలేదు. "నిలబెట్టండి బావగారూ," అంది.

తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యేదాకా పానా ముట్టొద్దని తల్లి కట్టడి చేసింది. పదో రోజు పొద్దున మెల్చోర్ పానా పట్టుకునే వేళకి గేటు ముందు లారీ ఆగింది. వెనక జపాన్ నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్, ముందు పాత ఇనుము కొనే బసిలియో, అతని పక్కన రుఫీనో.

"ఇది దించి, చైన్‌కున్నదాన్ని ఎక్కించు," అన్నాడు రుఫీనో.

"దాని మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇక్కడే ఉండిపోద్ది బసిలియో," అన్నాడు మెల్చోర్. "బావా, బ్లాకు దిట్టంగా ఉంది. క్రాంకు సానపట్టించి బేరింగులు మారిస్తే ఇంకో పదేళ్లు లాగుద్ది. ఊరూ పేరూ తెలీని ఇంజన్ నీకెందుకు?"

"మనిషిని మింగింది నా బండికొద్దు."

"మింగింది ఇంజనా, నువ్వా?"

రుఫీనో మొహం తిప్పుకున్నాడు. "కోడితో దాని ఆకలి తీరలేదు. మీ అమ్మ కూడా అదే అంటోంది. శని పట్టిన ఇనుము, పోనివ్వరా."

ఇంజన్ బిగించేటప్పుడు కోడి రక్తం ఇవ్వకపోతే అది మనిషి రక్తం అడుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. కానీ దీనికి ఇచ్చారు. నల్లకోడిని చంకలో పెట్టుకుని నవ్వుతూ తెచ్చింది కాడ్యోనే. ఆ నవ్వు గుర్తొచ్చేసరికి మెల్చోర్ పానాతోనే బావ మీదికి నడిచాడు.

"విప్పితే నీ బండారం బయటపడుద్దని భయం కదా నీకు. తాగి తోలావు. ఆయిల్ చూడలేదు. నా తమ్ముణ్ణి చంపి కోడి మీద పెడతావా?"

"నోరు పారేసుకోకు. విప్పనివ్వను, అంతే," అంటూ రుఫీనో చైన్ పట్టుకుని ఇంజన్‌ని లారీ వైపు లాగాడు.

మెల్చోర్ చేతిలోని పానా అతని నోటి మీద పడింది. రెండు పళ్లు సిమెంటు నేల మీద దొర్లాయి. రుఫీనో నడుముకున్న మడతకత్తి తెరిచాడు. కత్తి మెల్చోర్ ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చుకుంటూ పోయింది. ఇద్దరూ కలిసి బ్యాటరీల మీద పడ్డారు. మెల్చోర్ బావ జుట్టు పట్టుకుని తలని ట్రాలీ అంచుకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కత్తి జారిపోయింది. పొట్టలో మోకాలు పడ్డాక రుఫీనో లేవలేకపోయాడు. బసిలియో లారీ కూడా వదిలేసి పెలాగియా ఇంటివైపు పరిగెత్తాడు.

మెల్చోర్ చేతికి చొక్కా చుట్టుకుని ఇంజన్ కింద కూర్చున్నాడు. ఆయిల్ చాంబర్‌కి పద్దెనిమిది బోల్టులు. రెండు విప్పేసరికి రుఫీనో పాక్కుంటూ వచ్చి కాలు పట్టుకున్నాడు.

"విప్పకురా. నీ కాళ్లు పట్టుకుంటా. నేనే తాగాను అనుకో. నన్ను చంపుకో, అది మాత్రం విప్పకు."

మెల్చోర్ అతని ఛాతీ మీద తన్ని పని చేసుకుపోయాడు. చివరి బోల్టు ఊడేసరికి ఆయిల్ బుడబుడమంటూ పళ్లెంలోకి దిగింది. నల్లగా, చిక్కగా, నిండా ఉంది. ఒక్క గరిటె కూడా తక్కువ లేదు. బేరింగులు మాత్రం కరిగి క్రాంకుకి అతుక్కుపోయాయి. ఇంత ఆయిల్ కింద పెట్టుకుని పైన ఎండిపోవడమేమిటని మెల్చోర్ లోపలికి చెయ్యి పెట్టాడు. ఆయిల్ పీల్చుకునే జాలీ వేళ్లకి తగల్లేదు. దాన్ని మెత్తటిదేదో కప్పేసి ఉంది. లాగితే ఊడొచ్చింది.

నీలి గళ్ల గుడ్డ. దాని మడతలో ఒక నల్ల ఈక.

అప్పుడు గుర్తొచ్చింది. సగం మెడ తెగిన కోడి కాడ్యో చేతుల్లోంచి జారి, తిరగేసి పెట్టిన ఇంజన్ మీద రెక్కలు కొట్టుకుంది. రక్తం క్రాంకు దాకా కారింది. కాడ్యో పడీపడీ నవ్వుతున్నాడు. మెల్చోర్ కూడా నవ్వుతూనే లోపలంతా గుడ్డతో తుడిచాడు. ఈలోగా కోడి కూర, సారా రమ్మన్నాయి. తిన్నాక వచ్చి చాంబర్ మూసేశాడు. గుడ్డ ఎక్కడుందో చూసుకోలేదు.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

"ఆ మర్నాడే కింది బోల్టు కాస్త వదులు చేసి చూశా. నాలుగు చుక్కల ఆయిల్‌తో పాటు దారప్పోగులొచ్చాయి." రుఫీనో రక్తం ఉమ్మాడు. "ఒక కొడుకుని పాతిపెట్టి వచ్చింది ముసల్ది. రెండోవాడే చంపాడని ఎట్టా చెప్పమంటావు?"

గేటు చప్పుడైంది. పెలాగియా నల్లబట్టల్లో లోపలికి వచ్చింది. నేల మీది పళ్లు చూసింది, రుఫీనోని చూసింది.

"ఇతనేనా?"

"నేనేనమ్మా," అన్నాడు రుఫీనో. "తాగి ఉన్నా. ఆయిల్ చూడలేదు."

ఆమె బెంచీ మీది సుత్తి తీసుకుంది. మెల్చోర్ ఏమీ చెయ్యక్కర్లేదు. గుడ్డని గుప్పిట్లో అలాగే ఉంచుకుని నోరు మూసుకుంటే చాలు, అతని తల్లికి ఒక కొడుకు మిగులుతాడు, అతనికి ఊరు మిగులుతుంది. అతను నోరు మూసుకున్నాడు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుచేటు, కానీ మూసుకున్నాడు. సుత్తి రుఫీనో భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. రుఫీనో కేక పెట్టలేదు, మెల్చోర్ వైపు చూడనూ లేదు.

సుత్తి రెండోసారి లేచేసరికి మెల్చోర్ దాని కిందికి వెళ్లి నిలబడి గుప్పిట తెరిచాడు.

"అతను కాదమ్మా. ఇది లోపల వదిలేశా. నేనే."

ఆ గుడ్డ గురించి పెలాగియాకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాడ్యో పాత చొక్కా చించి షెడ్డులో తుడుచుకోవడానికి ఇచ్చింది ఆమే. ఆమె నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. తొమ్మిది రోజులుగా ఊరంతా ఎదురుచూసిన ఏడుపు అదే.

ఎత్తిన సుత్తి దెబ్బ మెల్చోర్ తెగిన చేతి మీద పడింది. తర్వాతది పక్కటెముకల మీద. రుఫీనో విరిగిన భుజంతో లేచి మధ్యలోకి వచ్చాడు. మెల్చోర్ అతన్ని పక్కకి నెట్టి, చేతులు కిందికి వదిలేసి, మళ్లీ ఆమె ముందే నిలబడ్డాడు.